లంకమల్ల అడవి, పెన్న ఒడ్డు: నాయనకు ఎర్రచందనం చూపించాలని ఉంది, దారి చెప్పండి

మైదుకూరు శైలజ
నవంబరు 9, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఈ వేదికలో చాన్నాళ్లుగా చదువుతాన్నా కానీ రాయడం ఇదే మొదలు.

మా నాయన ముప్పై ఏండ్లు హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పినాడు. పోయిన వారం అన్నం తింటా తింటా ఒక మాటన్నాడు. "ఎర్రచందనం గురించి ఎన్ని క్లాసులు చెప్పింటానో లెక్క లేదు. అడవిలో దాని పాటికి అది నిలబడుకున్న చెట్టును మాత్రం ఒక్కసారి కూడా చూడలేదమ్మా. నర్సరీలో మొక్క చూసినా, పేపర్లో దుంగలు చూసినా, అంతే." కడప జిల్లాలో పుట్టి పెరిగిన మనిషి, అదీ ఆ పాఠం చెప్పిన మనిషి అట్లంటే నాకు ఆ పూట ముద్ద దిగలేదు.

ఆయనకు 68. మోకాళ్లు నొప్పి, కొండలెక్కలేడు. చదునుగా ఉంటే ఒక కిలోమీటరు, రెండు కిలోమీటర్లు మెల్లగా నడుస్తాడు. సిద్ధవటం దగ్గర పెన్న దాటితే లంకమల్ల అభయారణ్యం వస్తుందని తెలుసు, లోపలికి పోయిన వాళ్లు మా ఇంట్లో లేరు. అనుమతి ఎవరిని అడగాలి? ఏ నెల మంచిది? ఎర్రచందనం కాకుండా ఆ అడవిలోనే ఉండే అరుదైన మొక్కలు ఇంకేమేం చూడొచ్చు? తెలిసినోళ్లు చెప్పండి.

సిద్ధవటం ప్రసాద్
నవంబరు 9, రాత్రి 10:25

అక్కా, మంచి పని పెట్టుకున్నావు. మాది సిద్ధవటమే కాబట్టి నేను మొదలుపెడతా.

అది అభయారణ్యం. గుడికి పోయినట్టు నేరుగా పోకూడదు. కడపలో అటవీశాఖ డివిజన్ ఆఫీసుకు పోయి, ఎవరెవరు వస్తాన్నారు, ఎందుకు వస్తాన్నారు, ఏ రోజు అని కాగితం మీద రాసియ్యండి. మొక్కలు చూడటానికి, చదువుకోవడానికి, ఫోటోలకు అనుమతి ఇచ్చే వీలు 1972 వన్యప్రాణి చట్టంలోనే ఉంది. ఎర్రచందనం అడవి కాబట్టి నిఘా గట్టిగా ఉంటుంది. కాగితం లేకుండా లోపల కనపడితే పెద్దాయన అని కూడా చూడరు, చూడకూడదు కూడా. స్థానిక బీటు సిబ్బంది ఒకరు తోడు వచ్చేటట్టు అడగండి. దారి వాళ్లకే తెలుసు, ఎలుగుబంటి యాడ తిరుగుతాందో కూడా వాళ్లకే తెలుసు.

కార్తీకంలో వద్దు. ఆ అడవిలో ఉండే శివుడి గుడి నిత్యపూజకోనకు జనం బాగా వస్తారు. శివరాత్రికైతే చెప్పే పని లేదు. సంక్రాంతి అయినాక రండి. ఎండ తక్కువ, వంకల్లో కొంచెం నీళ్లుంటాయి, గడ్డి ఎండి దారి కనపడుతుంది. పొద్దున ఆరున్నరకల్లా అడవి మొదట్లో ఉంటే పదికి బయటపడొచ్చు.

ఆకుపుస్తకం
నవంబరు 10, ఉదయం 6:50

శైలజ గారూ, నేను బోటనీ చదివిన మనిషిని, ఈ కొండల్లో పదేళ్లుగా తిరుగుతున్నాను. మీ నాయనగారికి ఒక్క మాట ముందే చెప్పండి, ఎర్రచందనాన్ని వాసన చూసి పోల్చుకోలేరు. పేరులో చందనం ఉందని అందరూ ముక్కు దగ్గర పెట్టుకుంటారు. దానికి వాసన లేదు. వాసన ఉన్నది శ్రీగంధానికి. అది వేరే కుటుంబం, వేరే చెట్టు.

మరి ఎలా పోల్చుకోవాలంటే, బెరడు చూడండి. నల్లగా, నిలువు అడ్డం పగిలి, మొసలి వీపు మీద పెచ్చుల్లా ఉంటుంది. ఆకు చూడండి. ఒక కాడకు మూడే ఆకులు, గుండ్రంగా, కొసన చిన్న నొక్కు. దీని దాయాది చెట్టు వేగిస కూడా అదే అడవిలో ఉంటుంది, షుగరు జబ్బుకు దాని చెక్కతో గ్లాసులు చేస్తారే, అది. వేగిసకు ఆకులు ఐదు, ఏడు ఉంటాయి. జనవరిలో చెట్టు మీద కాయలుంటాయి. రూపాయి బిళ్ల కంటే పెద్దగా, మధ్యలో గింజ, చుట్టూ పల్చటి రెక్క. గాలికి తిరుగుతూ పడుతుంది.

ఈ చెట్టు ప్రపంచంలో సహజంగా పెరిగేది తూర్పు కనుమల దక్షిణపు కొసనే. కడప, తిరుపతి, నెల్లూరు కొండలు, కర్నూలు వైపు కొంత, తమిళనాడు సరిహద్దులో కొంత. కారణం ఈ నేల. క్వార్ట్‌జైట్ రాయి పగిలిన గరుకు మొరం, నీళ్లు నిలవని వాలు, మండే ఎండ. మంచి నల్లరేగడిలో పెట్టి నీళ్లు పోస్తే చెట్టు లావవుతుంది కానీ ఎర్రటి చేవ ఆ మొరం నేలలో పెరిగినంత బాగా కట్టదని పాతవాళ్లు చెబుతారు. లోపలి ఆ ఎరుపు రంగుకు మూలం శాంటలిన్ అనే పదార్థం. జపాన్‌లో షామిసెన్ అనే తంత్రీ వాద్యం మెడకు ఈ కర్రే వాడేవాళ్లు. గిరాకీ అక్కడి నుంచి, నష్టం ఇక్కడ. 1995లో అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ ఒప్పందం సైటిస్ రెండో అనుబంధంలో చేర్చారు.

ఎర్రచందనానికి కనీసం కాపలా ఉంది. నాకు బెంగ దాని పక్కన ఉన్న వాటి గురించి. తెల్లకరక, కొండసాంబ్రాణి, మొగి, తంబ. ఇవన్నీ ఈ కనుమల వరకే పరిమితమైన చెట్లు. వీటి కోసం ఎవరూ చెక్‌పోస్టు పెట్టరు. మీ నాయనగారికి వీటిని కూడా చూపించండి.

ప్రొద్దుటూరు హరి
నవంబరు 10, ఉదయం 8:15

నేను పోయినేడు పోయినాను. రోడ్డు దిగి పావుగంట నడిస్తేనే మంచి చెట్లు ఉన్నాయి, మోకాళ్ల నొప్పి వాళ్లకు కూడా పనికొస్తుంది. ఫోన్లో మ్యాప్ గుర్తు పెట్టుకున్నాను. ఇక్కడ పెట్టమంటారా? అందరికీ ఉపయోగపడుతుంది.

ఆకుపుస్తకం
నవంబరు 10, ఉదయం 8:31

హరి గారూ, దయచేసి పెట్టకండి. కారణం చెప్తాను, నా తప్పే చెప్తాను.

నాలుగేళ్ల కిందట ఒక వంక పక్కన రాతి సందులో మారేడు కొమ్ముల తీగలు గుంపుగా కనిపించాయి. పదిహేను, ఇరవై తీగలుంటాయి. అంత మంచి గుంపు నేను అంతకు ముందు చూడలేదు. సంతోషం పట్టలేక ఫోటోలు తీసి ఒక పెద్ద గుంపులో పెట్టాను. ఫోటోతో పాటు స్థలం వివరం కూడా పోయిందని నాకు అప్పుడు తెలియదు. నెలన్నర తర్వాత మళ్లీ వెళ్లాను. రాళ్లు తిరగేసి ఉన్నాయి. మోకాలి లోతు గుంటలు. తీగలు కోసి పక్కన పడేసి ఉన్నాయి, ఇంకా పూర్తిగా ఎండలేదు. ఒక గుంట అంచున వేరు ముక్క ఒకటి మిగిలింది. వేలెడంత. గోటితో గీకితే ఆ తియ్యటి వాసన వచ్చింది. ఆ రోజు నుంచి ఏ మొక్క ఫోటో పెట్టినా మండలం పేరు కూడా రాయను.

నిర్వాహకుడు
నవంబరు 10, ఉదయం 9:05

ఆకుపుస్తకం గారి మాటనే ఈ చర్చకు నియమంగా పెడుతున్నాం. మ్యాపు గుర్తులు, అక్షాంశ రేఖాంశాలు, "ఫలానా బండ వెనక" లాంటి ఆనవాళ్లు రాయొద్దు. ఫోటోలు పెట్టేముందు ఫోన్ సెట్టింగుల్లో స్థలం వివరం తీసేయండి. హరి గారు మంచి మనసుతోనే అడిగారు, ఎవరూ ఆయన్ను నొప్పించొద్దు.

ప్రొద్దుటూరు హరి
నవంబరు 10, ఉదయం 9:20

అర్థమైంది సార్. నా పాత ఫోటోలు కూడా తీసేసినాను.

మారేడు కొమ్ములంటే నన్నారేనా? ఎండాకాలం మా ఊర్లో నన్నారి సోడా తాగకుండా ఒక్క రోజు గడవదు. అది అడవి నుంచి తవ్వుకొస్తారని నేను ఎప్పుడూ అనుకోలేదు.

అట్లూరు సుబ్బు
నవంబరు 10, మధ్యాహ్నం 1:45

హరన్నా, దానికి నేను చెప్తా. మా జేజినాయన, మా నాయన ఇద్దరూ కొమ్ములు తవ్వినోళ్లే.

నన్నారి అని రెండిటినీ అంటారు. సన్నటి వేరు, నేల మీద పాకే తీగ ఒకటి, అది సుగంధిపాల. రెండోది ఇది, మారేడు కొమ్ములు, నన్నారి కొమ్ములు, కొన్ని పల్లెల్లో బర్రె సుగంధి అంటారు. దీని వేరు లావు, తెల్లగా, కండ ఉంటుంది. షర్బత్‌కు ఎక్కువ వాడేది ఇదే. ఊరగాయ కూడా పెడతారు. కొత్త కొమ్ములు ఇంట్లో పెడితే మూడు దినాలు ఆ వాసన పోదు.

మా జేజినాయన తవ్వే పద్ధతి నేను చిన్నప్పుడు చూసినా. తీగ మొదలు ముట్టుకోడు. రెండు మూరల అవతల గడ్డపార వేసి, పక్కకు పోయే కొమ్ము ఒకటో రెండో తీసుకుంటాడు. నడిమి గడ్డ వదిలేస్తాడు. మన్ను మళ్లీ కప్పి, పైన రాయి పెట్టి కాలితో తొక్కుతాడు. "రెండేండ్లు దీని మొగం చూడొద్దురా" అనేవాడు. అదే తీగ దగ్గరికి మళ్లీ మూడో ఏడు పోయేటోడు. మా నాయన కాలానికి కొనేటోళ్లు లారీ తెచ్చి రోడ్డు మీద పెట్టినారు. తూకానికి డబ్బు. తూకానికి డబ్బు అంటే మొదలు మిగలదు కదన్నా. అందరూ మొదలుతో సహా పెరికినారు. మేమూ పెరికినాం, దాచుకునేది ఏముంది. ఇప్పుడు మా ఊరి పక్క గుట్టల్లో తీగ కనపడదు. నేను ఆ పని మానేసి ఆటో నడుపుతాన్నా.

అభయారణ్యంలో తవ్వడం నేరమని అందరికీ తెలుసు. తెలిసినా తవ్వుతారు, పూట గడవాలంటే. కొమ్ములు పొలంలో వేసుకునేటట్టు విత్తనం, నారు పల్లెలకు ఇస్తే అడవి మీదికి ఎవరూ పోరు. నేను నాలుగు మొక్కలు మా దొడ్డిలో పెట్టినా, కంచె మీద పాకతాన్నాయి.

ఆకుపుస్తకం
నవంబరు 10, మధ్యాహ్నం 2:30

సుబ్బు గారూ, మీరు రాసింది మళ్లీ మళ్లీ చదివాను. మీ జేజినాయన పద్ధతి ఎక్కడైనా రాసి పెట్టాలి. ఈ మొక్క శాస్త్రీయ నామం డెకాలెపిస్ హామిల్టోని, దక్షిణ భారతానికే పరిమితం. ఆ వాసనకు కారణమైన పదార్థం వెనీలా వాసన ఇచ్చే వెనిలిన్‌కు దగ్గరి చుట్టం, రెండింటి అణువులో ఉన్న భాగాలు ఒకటే, అమరిక వేరు. అడవిలో పెద్ద వేరు కట్టడానికి ఏళ్లు పడుతుంది, పెరకడానికి పది నిమిషాలు చాలు.

మీ దొడ్డిలో తీగలకు కాయలు పట్టాయా? రెండు కొమ్ముల్లా ఎదురెదురుగా వచ్చే కాయలు. పట్టి ఉంటే గింజలు జాగ్రత్త చేయండి.

పులివెందుల లక్ష్మి
నవంబరు 11, సాయంత్రం 5:10

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోవద్దు. పోయిన నెల మా తమ్ముడు పెన్న ఒడ్డున తీసిన ఫోటో ఇది. పొట్టిగా, తల మీద ఈకల్లా ఆకులు. ఇది పేరిత అంటారా? పేరిత చాలా అరుదైందని విన్నాను. ఏటి పక్కనే ఉంది మరి.

ఆకుపుస్తకం
నవంబరు 11, సాయంత్రం 6:00

లక్ష్మి గారూ, ఇది లేత ఈతచెట్టు. బాధపడకండి, చాలామంది ఇలాగే పొరబడతారు. ఫోటోలో ఆకు మట్ట మొదలు దగ్గర చూడండి. కింది రెమ్మలు పొడవాటి ముళ్లుగా మారాయి, ఒక్కో రెమ్మ నిలువునా మడిచినట్టు దోనెలా ఉంది. ఈతకు అది గుర్తు.

పేరిత రెమ్మ సన్నగా, మధ్యలో ఒకే ఈనెతో ఉంటుంది, అంచులు కిందికి ముడుచుకుని ఉంటాయి. లేత ఆకు వచ్చేటప్పుడు రెమ్మలు గడియారం స్ప్రింగులా చుట్టుకుని ఉంటాయి. అసలది పూలే లేని మొక్క. మగ చెట్టు, ఆడ చెట్టు వేరు వేరు, మగదానికి నడినెత్తిన కంకిలా శంకువు వస్తుంది. ఆ శంకువులనే మందుకని కోసి అమ్మి చెట్టుకు చేటు తెచ్చారు. సైకాస్ బెడ్డోమి అని పేరు. తిరుపతి, కడప కొండల్లో తప్ప ఇంకెక్కడా సహజంగా లేదు. నేను చూసింది పెన్నకు దక్షిణాన, శేషాచలం వైపు వాలుల్లో. ఏటి ఒడ్డున కాదు, పైన, గడ్డి మధ్య, రాళ్ల మధ్య.

వన్యప్రాణి చట్టంలో మొదట మొక్కల కోసం ప్రత్యేకంగా పెట్టిన ఆరో షెడ్యూలులో దేశం మొత్తానికి చేర్చినవి ఆరే ఆరు. అందులో ఒకటి మన పేరిత. సైటిస్‌లో అయితే అత్యంత కఠినమైన మొదటి అనుబంధంలో ఉంది. మన జిల్లా కొండ మీద గడ్డిలో కూర్చుని ఉన్న మొక్కకు అంత రక్షణ ఉందని మన బడుల్లో ఒక్క పిల్లవాడికైనా చెప్పారో లేదో.

మైదుకూరు శైలజ
నవంబరు 11, రాత్రి 8:45

ఈ పోస్టు నాయనకు చదివి వినిపించినా. "ఈత, సైకాస్ తేడా నేను బోర్డు మీద బొమ్మ గీసి చెప్పేవాడిని, కరెక్టుగా రాసినాడాయన" అన్నాడు. తర్వాత చాలాసేపు ఏం మాట్లాడలేదు.

కలివిపొద
నవంబరు 12, ఉదయం 7:30

శైలజ గారూ, లంకమల్ల అంటే పిట్టల మాట రాకుండా పోకూడదు, అయితే నేను చెప్పబోయేది కూడా మొక్క గురించే.

కలివికోడిని 1848 ప్రాంతంలో జెర్డాన్ అనే ఇంగ్లీషు డాక్టరు ఇక్కడ చూసి లోకానికి చెప్పాడు. 1900 తర్వాత ఎవరికీ కనపడలేదు, అంతరించిందనే అనుకున్నారు. 1986 జనవరిలో సిద్ధవటం పక్కన రెడ్డిపల్లె దగ్గర మళ్లీ దొరికింది. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లు ఊళ్లల్లో బొమ్మ చూపిస్తూ వెతికితే, దాన్ని పోల్చి పేరు చెప్పింది మన పల్లెజనమే. ఆ పిట్ట కోసమే 1988లో ఈ అభయారణ్యం ఏర్పడింది, 464 చదరపు కిలోమీటర్లు.

పిట్ట పేరు ఎక్కడి నుంచి వచ్చింది? కలివి పొద నుంచి. వాక అని కూడా అంటారు, జంట ముళ్లు, తెల్ల పూలు, నల్లటి పుల్ల పండ్లు. ఆ పిట్ట పగలంతా ముళ్ల పొదల నీడన ఉండి, రాత్రి పొదల మధ్య ఉండే బట్టతల నేల మీద పరుగెత్తి పురుగులు ఏరుకుంటుంది. పొదలు మరీ కమ్ముకుంటే దానికి పరుగుకు చోటు లేదు, పొదలు కొట్టేస్తే దాక్కునే చోటు లేదు. రెండూ సగం సగం ఉండాలి. చూడటానికి ఎందుకూ పనికిరాని కంపలా ఉండే నేల అది. "ఇక్కడ ఏముంది, ముళ్లు తప్ప" అని కొట్టేసే నేల. తెలుగుగంగ కాలువ కూడా ఆ నేల మీదుగా రాబోతే దారి మార్చి తవ్వాల్సి వచ్చింది.

మీ నాయనగారిని మొరం గుట్ట దగ్గరికే కాదు, ఆ ముళ్ల పొదల అంచున కూడా ఐదు నిమిషాలు నిలబెట్టండి. పిట్ట కనపడదు. పొద కనపడుతుంది.

అనంతపురం రఘు
నవంబరు 12, ఉదయం 11:00

మా వైపు పెన్నలో ఇసుకే ఉంటుంది అన్నా. నందికొండల్లో పుట్టి మా జిల్లా దాటి మీ దగ్గరికి వచ్చేసరికి కుందూ, పాపాఘ్ని, చిత్రావతి కలిసి ఏరవుతుంది. మీ అడవి పక్కన నీళ్లు చూస్తే నాకు అసూయగా ఉంటుంది. ఒడ్డున కంపచెట్లు ఎట్లున్నాయి అక్కడ?

సిద్ధవటం ప్రసాద్
నవంబరు 12, మధ్యాహ్నం 12:20

రఘూ, ఆ మాట అడిగి మంచి పని చేసినావు. ఒడ్డు పొడుగునా సర్కారు కంప. ఏరుమద్ది, కానుగ, నేరేడు ఉండాల్సిన చోట అదే. ఇసుక తీసిన గుంటల పక్కన ఇంకా ఎక్కువ వస్తాది. వరద వచ్చిన ఏడు గింజలు కొట్టుకొచ్చి ఇంకో మైలు పాకుతుంది. లోపల వంకల పక్కనైతే తలంబ్రాల చెట్టు. మేకలు తినవు, కాబట్టి అదొక్కటే మిగులుతుంది. అడవిలో అరుదైన మొక్క పోయేది గొడ్డలితోనే అనుకుంటాం. నీడ కమ్మి, మొలక లేవకుండా చేసి కూడా పోతుంది.

ఒడ్డున పాత ఏరుమద్ది మాన్లు నాలుగు ఇంకా ఉన్నాయి మా ఊరి పక్క. తెల్లటి నున్నటి బోదె, వేర్లు ఇసుకలోకి దిగి గట్టును పట్టుకొని ఉంటాయి. 2021 నవంబరులో చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగినప్పుడు ఆ ఏటి పల్లెలు ఏమైనాయో మనకు తెలుసు కదా. అప్పటి నుంచి గట్టు మీద ఒక మాను కనపడితే నేను దాన్ని వేరే కన్నుతో చూస్తాన్నా.

మైదుకూరు శైలజ
జనవరి 22, రాత్రి 8:10

పోయి వచ్చినాం. చాలా రాయాలని ఉంది.

అనుమతికి రెండుసార్లు తిరగాల్సి వచ్చింది. మొదటిసారి ఒక ఆఫీసులో "పెద్దాయన్ను పెట్టుకొని అడవికి ఎందుకమ్మా, జూకు తీసుకపోండి" అని పంపించేసినారు. రెండోసారి నాయనే స్వయంగా వచ్చి, తాను ఏం చూడాలనుకుంటాన్నాడో ఒక పేజీ రాసిచ్చినాడు, చెట్ల శాస్త్రీయ నామాలతో సహా. అది చదివిన అధికారి లేచి కుర్చీ వేసినాడు. బీటు సిబ్బంది ఒకాయన తోడు వచ్చినాడు. ఖాకీ దుస్తులు, కాళ్లకు చెప్పులే. అడవి మొత్తం ఆయన అరచేతిలో ఉంది.

పొద్దున ఏడుకు మొదలుపెట్టినాం. మంచు ఇంకా గడ్డి మీద ఉంది. చదును బాటే, నాయన కర్ర పట్టుకొని మెల్లగా నడిచినాడు. పావుగంటకు బీటాయన ఆగి ఏం మాట్లాడకుండా పక్కకు చూపించినాడు. నాకైతే అన్నీ ఒకటే చెట్లు. నాయన రెండడుగులు ముందుకు పోయి, బెరడు మీద అరచెయ్యి పెట్టి, తల ఎత్తి ఆకులు చూసినాడు. సగం ఆకులు పసుపు తిరిగి రాలతాన్నాయి. "మూడు" అన్నాడు. ఇంకో కొమ్మ చూసినాడు. "మూడు." క్లాసులో హాజరు పిలిచినట్టు పిలిచినాడు. తర్వాత చెట్టు మొదట్లో కూర్చున్నాడు.

ఆ చెట్టు నేననుకున్నంత పెద్దది కాదు. నా రెండు చేతులతో చుట్టేస్తా. బీటాయన చెప్పినాడు, ఇది తన కంటే పెద్దదని, ఆయనకు యాభై దాటింటాయి. దాని పక్కన ఒక మొద్దు ఉంది. ఎప్పుడో నరికింది, పైన బూడిద రంగుకు తిరిగింది. పగులులో మాత్రం ఇంకా ఎరుపు. ఆ మొద్దు అంచు నుంచి వేలు లావు పిలకలు మూడు లేచినాయి. వాటి ఆకులు చెట్టు ఆకుల కంటే పెద్దవి, పచ్చగా, ఒక్కటి కూడా పసుపు తిరగలేదు. నాయన చెట్టు దగ్గర కంటే ఆ మొద్దు దగ్గరే ఎక్కువసేపు ఉన్నాడు.

కింద కాయలు రాలి ఉన్నాయి. ఒకటి తీసి ఎండకు పట్టినాడు. రెక్కలో ఈనెలు నడిమి గింజ నుంచి అంచుకు వలలాగా పోతాన్నాయి, పూరీకి వేళ్లతో నొక్కి అంచు పల్చన చేసినట్టుంది. నేను "ఒకటి ఇంటికి తెచ్చుకుందాం నాయనా" అన్నా. బీటాయన వద్దనేలోపే నాయన దాన్ని తీసిన చోటనే, తీసిన పక్కకే తిప్పి పెట్టినాడు. అభయారణ్యంలో రాలిన కాయ కూడా తీసుకపోకూడదని దారిలో చెప్పినాడు.

తెల్లకరక చూడలేదు, అది పైన ఉంటుందంట. కొండసాంబ్రాణి ఒకటి దూరం నుంచి చూపించినాడు. కలివి పొదల దగ్గర నిలబడినాం, పండ్ల కాలం కాదు. ముళ్ల మధ్య నేల నిజంగా బట్టతలే, కలివిపొద గారూ. పిట్ట లేదు. నాయన "అవునవును, ఇక్కడ పరుగెత్తొచ్చు" అన్నాడు.

బాట పక్కన ఒక చోట చాలా బాధ అయింది. పండగలకు వచ్చిన జనం పడేసిన ప్లాస్టిక్ సంచులు, నీళ్ల బాటిళ్లు వంకలో రాళ్ల సందుల్లో ఇరుక్కొని ఉన్నాయి. దొరికినంత ఏరి రెండు గోతాలు నింపినాం. దేవుడి దగ్గరికి పోయే బాట అది.

సిద్ధవటం ప్రసాద్
జనవరి 22, రాత్రి 8:50

అక్కా, ఒక మాట ముందే చెప్పింటే నేను కూడా గోతాలు తెచ్చేవాడిని. శివరాత్రి అయిన మూడో నాడు మా ఊరి పిల్లలం పదిమందిమి అనుమతి తీసుకొని ఆ వంక శుభ్రం చేయాలనుకుంటాన్నాం. వీలున్నోళ్లు ఎవరైనా రండి. చేతి తొడుగులు, గోతాలు మేం చూసుకుంటాం, తాగే నీళ్లు మాత్రం ఇంటి నుంచి సీసాలో తెచ్చుకోండి.

ఆకుపుస్తకం
జనవరి 22, రాత్రి 9:15

ఆ మొద్దు పిలకల మాట రాసినందుకు చాలా సంతోషం శైలజ గారూ. ఎర్రచందనానికి ఆ గుణం ఉంది, నరికిన మొద్దు నుంచి మళ్లీ లేస్తుంది. కాకపోతే ఎండాకాలంలో నిప్పు పడితే ముందు పోయేది ఆ పిలకలే. కాలి దగ్గర బీడీ ముక్క, వంట పొయ్యి, ఏదైనా చాలు. అక్కడికి వెళ్లేవాళ్లు అగ్గిపెట్టె జేబులో పెట్టుకోకుండా వెళ్లండి.

కలివిపొద
జనవరి 22, రాత్రి 9:30

"ఇక్కడ పరుగెత్తొచ్చు." మాస్టారికి నా నమస్కారం చెప్పండి.

అట్లూరు సుబ్బు
జనవరి 23, ఉదయం 6:20

అక్కా, సార్‌కు ఇంకో మాట చెప్పు. మా దొడ్డిలో ఒక తీగకు కాయలు పట్టినాయి. ఇంకా పచ్చివే, పగిలేదాకా ఆగాలి. గింజకు దూదిలాంటి కుచ్చు ఉంటుంది, గాలికి పోకుండా పల్చటి గుడ్డ కట్టినా. మొలిపించేది ఎట్లో సార్‌కు తెలిసింటుంది కదా, నాకు నేర్పిస్తే పల్లెలో ఇంకో నలుగురికి ఇస్తా.

మైదుకూరు శైలజ
జనవరి 23, ఉదయం 7:05

సుబ్బూ, నాయన పక్కనే ఉన్నాడు. గింజలు తీసిన వెంటనే వేసేయాలంట, దాచి పెడితే మొలకెత్తే శక్తి తగ్గుతుందంట. ఇసుక, ఎర్రమన్ను, మాగిన ఎరువు కలిపి సంచుల్లో పెట్టమంటాన్నాడు. కాయ పగిలే రోజు ఫోన్ చెయ్యి, మీ ఇంటికే వస్తాడంట.

ఇంకోటి అడగమన్నాడు. ఎర్రచందనం పూత ఎప్పుడు చూడొచ్చు?

సిద్ధవటం ప్రసాద్
జనవరి 23, ఉదయం 7:40

ఏప్రిల్ ఆఖర్లో మొదలైతాది అక్కా, కొత్త చిగురుతో పాటే. పసుపు పూలు. ఎండ మాత్రం మామూలుగా ఉండదు. రాత్రికే వచ్చి మా ఇంట్లో పండుకోండి, తెల్లారి ఐదున్నరకు పోయి ఎనిమిదికల్లా వచ్చేద్దాం. కాగితం మార్చిలోనే పెట్టండి.